ఎలిజబెత్‌కింగియాకు ఊహ మీద వైద్యం ఇంకెంతకాలం?

ఆసుపత్రుల పాలక మండళ్లకు, మందులకు లొంగని సూక్ష్మజీవులపై నిఘా నడిపే ప్రజారోగ్య అధికారులకు, ప్రయోగశాల యంత్రాల తయారీదారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులారా,

రోగుల రక్తంలో, వెన్నునీటిలో, కఫంలో ఏ సూక్ష్మజీవి పెరిగిందో, దాని మీద ఏ మందు పనిచేస్తుందో తేల్చి చెప్పడం నా ఉద్యోగం. ఎలిజబెత్‌కింగియా అనే బ్యాక్టీరియా గురించి సంబంధిత అధికారులకు ఇప్పటికి మూడుసార్లు రాతపూర్వకంగా విన్నవించాను. మొదటి లేఖ అందినట్టు ఒక రసీదు వచ్చింది. తర్వాతి రెండింటికి అదీ రాలేదు. మీ పని భారం నాకు తెలుసు, మీ చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. అయితే ఈ మౌనానికి మూల్యం చెల్లిస్తున్నది ఐసీయూ బయట బెంచీల మీద రాత్రంతా కూర్చునే కుటుంబాలు. అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాను.

ఒక ఉదయం నేను ఇంక్యుబేటర్ తలుపు తీసినప్పుడు చూసిన ప్లేట్ల గురించి ముందు చెప్పాలి. అవి పదకొండు రోజుల పసికందు వెన్నునీటి నమూనావి. బ్యాక్టీరియాను పెంచడానికి రక్తం కలిపి చేసే బ్లడ్ అగార్ ప్లేటు నిండా లేత పసుపు ఛాయతో నున్నగా మెరిసే చిన్న చిన్న కాలనీలు. పక్కనున్న మకాంకీ అనే మరో రకం ప్లేటు మాత్రం ఖాళీ. మరునాడు మందుల బిళ్లలు పెట్టిన ప్లేటు బయటికి తీశాను. కార్బపెనెం వర్గానికి చెందిన బలమైన మందు మెరోపెనెం. దాని బిళ్ల అంచును ఒరుసుకుంటూ బ్యాక్టీరియా ఒత్తుగా పెరిగింది. సెఫ్టాజిడైమ్ దగ్గరా అంతే, జెంటామైసిన్ దగ్గరా అంతే. వాంకోమైసిన్ బిళ్ల చుట్టూ మాత్రం సన్నని ఖాళీ వలయం కనిపించింది. గ్రామ్ నెగెటివ్ (గ్రామ్ రంగు పరీక్షలో ఎర్రగా కనిపించే వర్గం) బ్యాక్టీరియా సాధారణంగా వాంకోమైసిన్‌ను లెక్కచేయదు. అలాంటిది దాని దగ్గర వెనక్కి తగ్గి, మెరోపెనెం దగ్గర నిర్భయంగా పెరిగిందంటే, ఈ పనిలో అనుభవం ఉన్నవారికి ఎలిజబెత్‌కింగియా గుర్తుకు రావాలి. అప్పటికి రెండు రోజులుగా ఆ బిడ్డ నరంలోకి ఎక్కుతున్న మందు మెరోపెనెమే.

సూక్ష్మజీవిని గుర్తించే మా యంత్రం దానికి ఎలిజబెత్‌కింగియాలో ఒక జాతి అయిన మెనింగోసెప్టికా అని పేరు పెట్టింది. అది మెనింగోసెప్టికా కాదు, అదే ప్రజాతిలోని మరో జాతి అనోఫిలిస్ అని బయటి ప్రయోగశాల జన్యుపరీక్ష చేసి చెప్పేసరికి ఆరు వారాలు గడిచాయి. మందు మార్చాక బిడ్డ బతికింది. కానీ మెదడులో నీరు చేరింది. ఇప్పుడు ఆ తల్లి ప్రతి వారం టేపు పట్టుకుని బిడ్డ తల చుట్టుకొలత ఎంత పెరిగిందో నోటు పుస్తకంలో రాసుకుంటోంది. తప్పు ఆ వార్డు వైద్యులదని నేను అనను. వాళ్లు తమ ముందున్న మార్గదర్శకాలనే పాటించారు. ఆ మార్గదర్శకాల్లో ఈ సూక్ష్మజీవి పేరే లేదు.

ఇది నిన్న మొన్న పుట్టినదేమీ కాదు. 1959లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ శాస్త్రవేత్త ఎలిజబెత్ కింగ్, పసిపిల్లల్లో మెదడు పొరల వాపుకు కారణమవుతున్న ఒక బ్యాక్టీరియాను వర్ణించారు. పేర్లు మారుతూ వచ్చి, 2005లో ఆ ప్రజాతికి ఆమె పేరే పెట్టారు. 2011లో అనోఫిలిస్ గాంబియే దోమ పేగుల్లో దొరికిన కొత్త జాతికి అనోఫిలిస్ అని నామకరణం చేశారు. అదే ఏడాది మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో నవజాత శిశువుల మెదడు పొరల వాపులో అది బయటపడింది. 2012లో సింగపూర్ ఐసీయూల్లో కనిపించింది. దోమ పేరు చూసి కంగారు పడనక్కరలేదు, దోమకాటుతో మనుషులకు సోకుతుందనే ఆధారం లేదు. హాంకాంగ్ పరిశోధకులు తల్లి నుంచి బిడ్డకు సోకిన దాఖలా చూపించారు. సింగపూర్‌లో జాడ చేతులు కడుక్కునే కుళాయిల దగ్గరికి దారి తీసింది. ఒకప్పుడు మెనింగోసెప్టికా అని రాసుకున్న కేసుల్లో చాలావాటికి అసలు కారణం అనోఫిలిస్ అని జన్యుక్రమాలు చదవడం మొదలయ్యాకే అర్థమైంది.

ఇక జన్యువుల విషయానికి వస్తాను. నా ఫిర్యాదుకు మూలం అక్కడే ఉంది.

మందులకు లొంగని బ్యాక్టీరియా అనగానే మనకు తెలిసిన కథ ఒకటుంది. ఒక బ్యాక్టీరియా పక్కదాని నుంచి ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయాన్ని అందుకుంటుంది, దానితోపాటు నిరోధక జన్యువూ వస్తుంది. కార్బపెనెం మందులను పనిచేయనివ్వని ఎన్‌డీఎం జన్యువు అలాగే వ్యాపించింది. చివరి ఆసరాగా వాడే మందు కొలిస్టిన్‌కు నిరోధకత ఇచ్చే, 2015లో బయటపడిన జన్యువు ఎంసీఆర్-1 కూడా అంతే. మన నిఘా అంతా ఈ అరువు జన్యువులను పట్టుకోవడానికే తయారైంది. ఆసుపత్రుల్లో వేగంగా ఫలితం చెప్పే పరీక్షలు ముఖ్యంగా కార్బపెనెంను విరిచే ఎంజైములను తయారుచేసే ఐదు జన్యు కుటుంబాల కోసం వెతుకుతాయి: కేపీసీ, ఎన్‌డీఎం, విమ్, ఇంప్, ఆక్సా-48.

ఎలిజబెత్‌కింగియాకు అరువు అవసరం లేదు. దాని క్రోమోజోమ్‌లోనే బ్లాబీ, జీఓబీ అనే రెండు జన్యువులున్నాయి. రెండూ జింకు సాయంతో పనిచేసే మెటల్లో బీటా లాక్టమేజ్ (పెన్సిలిన్ కుటుంబపు మందులను విరగ్గొట్టే) ఎంజైములను తయారుచేస్తాయి. ఈ ఎంజైములు కార్బపెనెం మందులను ముక్కలు చేస్తాయి. క్లావులనేట్, అవిబాక్టం లాంటి తోడు మందులు వీటిని ఆపలేవు, ఎందుకంటే అవి జింకు బదులు సెరిన్ అనే అమైనో ఆమ్లంతో పనిచేసే ఎంజైముల కోసం తయారైనవి. మెటల్లో బీటా లాక్టమేజ్‌లు అజ్ట్రియోనాం అనే మందును ఏమీ చేయలేవు కదా, దాన్ని వాడదామంటే, సీఎంఈ అనే మూడో ఎంజైము ఆ దారిని కూడా మూసేస్తుంది. కొలిస్టిన్‌కూ ఇది లొంగదు. ఇవన్నీ మందులు వాడి వాడి మనం తెచ్చిపెట్టిన గుణాలు కావు, తరతరాలుగా దాని వెంట ఉన్నవి.

ఇప్పుడు ఐదు జన్యువుల పరీక్ష చేస్తే ఏం జరుగుతుంది? వెతికిన ఐదూ ఉండవు. ఉన్న రెండింటి కోసం ఎవరూ వెతకరు. నివేదికలో “కార్బపెనెమేజ్ జన్యువు లేదు”, అంటే కార్బపెనెంను విరిచే ఎంజైము జన్యువు లేదు అని వస్తుంది. పరీక్ష అబద్ధం చెప్పలేదు, అడిగిన ప్రశ్నకు సరైన జవాబే ఇచ్చింది. కానీ అర్ధరాత్రి డ్యూటీలో ఆ కాగితం అందుకున్న వైద్యుడు దాన్ని “మెరోపెనెం పనిచేస్తుంది” అని చదువుకుంటాడు. ఆయన స్థానంలో నేనున్నా అలాగే చదివేవాడినేమో. ఈ ఒక్క వాక్యం సరిచేయమని అడుగుతూనే నా మొదటి లేఖ రాశాను.

రెండో సంగతి విస్కాన్సిన్‌ది. 2015 నవంబరు నుంచి 2016 మే వరకు అమెరికాలోని ఆ రాష్ట్రంలో 63 మందికి అనోఫిలిస్ సోకినట్టు నిర్ధారించారు. వారిలో 18 మంది మరణించారు. ఎక్కువమంది వయసు మళ్లినవారు, అప్పటికే ఇతర జబ్బులున్నవారు. మరణాలకు ఈ సూక్ష్మజీవే కారణమా, ఆ జబ్బులా అన్నది తేలలేదని అక్కడి అధికారులు నిజాయితీగా చెప్పారు. నీళ్లు, మందులు, ఒంటికి రాసుకునే లేపనాలు, ఎన్ని పరీక్షించినా అది ఎక్కడినుంచి వచ్చిందో దొరకలేదు.

జన్యుక్రమాలు మాత్రం చాలా సంగతులు చెప్పాయి. ఆ రోగులందరికీ సోకింది ఒకే వంగడం, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన బ్యాక్టీరియా వంశం. అది ఆరు ఉపశాఖలుగా చీలింది. వాటి ఉమ్మడి పూర్వీకురాలు మొదటి రోగిని గుర్తించడానికి సుమారు ఏడాది ముందే పుట్టింది. అంతకంటే ముఖ్యమైనది మట్‌వై అనే జన్యువు సంగతి. డీఎన్ఏలో గ్వానైన్ ఆక్సీకరణతో దెబ్బతింటే, దానికి ఎదురుగా రావలసిన సైటోసిన్ బదులు అడెనైన్ వచ్చి కూర్చుంటుంది. ఆ అడెనైన్‌ను తొలగించి మరమ్మతుకు దారి ఇవ్వడం మట్‌వై ఎంజైము పని. విస్కాన్సిన్ వంగడంలో ఈ జన్యువు మధ్యలోకి, ఒక కణం నుంచి మరో కణానికి దూకగల డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి దూరింది. మరమ్మతు ఆగిపోయింది. పొరపాట్లు దిద్దుబాటు లేకుండా పోగుపడ్డాయి. ఫలితంగా ఆ బ్యాక్టీరియా తన తోటివాటికంటే వేగంగా మారుతూ వెళ్లింది. ఈ పరిశోధన 2017లో ప్రచురితమైంది.

వేగంగా మారడమంటే ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. లెవోఫ్లాక్సాసిన్ లాంటి మందులు ఈ సూక్ష్మజీవి మీద కొంత పనిచేస్తాయి. కానీ ఆ మందులు గురిపెట్టే గైరేజ్ ఎంజైములో 83వ స్థానంలోని సెరిన్ అనే అమైనో ఆమ్లం ఐసోల్యూసిన్‌గా మారితే చాలు, ఆ మందు చేజారిపోతుంది. దానికి డీఎన్ఏలో ఒక్క అక్షరం మారితే సరిపోతుంది. మరమ్మతు చేసే జన్యువు చెడిపోయిన వంగడంలో అలాంటి మార్పు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. గత నెల నివేదికను నమ్మి ఈ నెల రోగికి మందు రాయడం ప్రమాదకరం.

ఇదంతా సామాన్యుల మీద ఎలా పడుతున్నదో వరుసగా చెబుతాను.

1. కోల్పోయే మొదటి రోజులు. రక్తంలో లేదా వెన్నునీటిలో సూక్ష్మజీవి ఉన్నప్పుడు సరైన మందు ఎంత త్వరగా పడితే అంత మంచిది. ఇక్కడ మాత్రం ప్రమాదం ముదిరిన కొద్దీ వైద్యుడు ఎంచుకునే బలమైన మందులే, అంటే కార్బపెనెం, కొలిస్టిన్, పనికిరానివి. రోగి పరిస్థితి విషమించినకొద్దీ మనం అదే తప్పు దారిలో ఇంకా ముందుకు పోతున్నాం. పైగా కార్బపెనెం వాడకమే ఈ సూక్ష్మజీవి సోకే ముప్పును పెంచుతున్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ మందు మిగతా బ్యాక్టీరియాను తుడిచిపెట్టి, దీనికి ఖాళీ జాగా ఇస్తుంది.

2. పసిపిల్లలకు మిగిలే మందులు బహు తక్కువ. చాలా నమూనాల్లో మినోసైక్లిన్ పనిచేస్తుంది. కానీ అది ఎదిగే ఎముకల్లో, పళ్లలో పేరుకునే మందుల వర్గానికి చెందినది కాబట్టి పిల్లలకు ఇవ్వడానికి వైద్యులు వెనుకాడతారు. కోట్రైమాక్సజోల్ నవజాత శిశువుల్లో కామెర్లను ప్రమాదకరం చేయగలదు. రిఫాంపిసిన్‌ను ఒంటరిగా వాడితే నిరోధకత త్వరగా వస్తుందనే భయం. ఈ జబ్బు అందరికంటే క్రూరంగా పట్టుకునేది నెల నిండని పిల్లలను, వాళ్లకే దారులు అందరికంటే ఇరుకు. ఉన్న ఒకటి రెండు దారుల్లో ఏది తెరిచి ఉందో ఆ బిడ్డ నమూనాను కొలిచి మొదటి రోజుల్లోనే చెప్పగలగాలి. బతికిన పిల్లల్లో మెదడులో నీరు చేరడం తరచుగా కనిపించే పర్యవసానం. ఆ కుటుంబం ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లినా ఆసుపత్రి వాళ్లను వదలదు. తల్లిదండ్రుల్లో ఒకరు ఉద్యోగం మానేయాల్సి వస్తుంది. ఇలాంటివి ఏ నిఘా పట్టికలోనూ నమోదు కావు.

3. “కలుషితం” అనే ముద్ర. నీళ్లలో, మట్టిలో ఉండే బ్యాక్టీరియా కదా, నమూనా తీసేటప్పుడు ఎక్కడినుంచో వచ్చి పడి ఉంటుందని కొట్టిపారేసిన నివేదికలు నేను చూశాను. మరో రోగిలో అదే కనిపించేదాకా ఎవరూ పట్టించుకోరు. అప్పటికి మొదటి రోగి పక్క మంచం మీదికి ఇంకొకరు వచ్చి ఉంటారు.

4. లెక్కలోకి రాని మరణాలు. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమని, 49.5 లక్షల మరణాలతో దానికి సంబంధం ఉందని ఒక పెద్ద అంచనా వెలువడింది. 2030 నాటికి ఈ మరణాలను 10 శాతం తగ్గిస్తామని 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి వేదిక మీద దేశాలు మాట ఇచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సవరించిన ప్రాధాన్య బ్యాక్టీరియా జాబితాలో ఎలిజబెత్‌కింగియా లేదు. దాని కేసుల సంఖ్య తక్కువన్న వాదన నాకు తెలుసు, అందులో కొంత న్యాయమూ ఉంది. కానీ సరిగా పేరు పెట్టలేని, పేరు పెట్టినా నమోదు చేయని జబ్బుకు సంఖ్య ఎక్కడినుంచి వస్తుంది?

మా అభ్యర్థనలు ఇవి. ఒక్కదానికీ కొత్త ఆవిష్కరణ అవసరం లేదు.

5. రక్తంలో, వెన్నునీటిలో ఎలిజబెత్‌కింగియా కనిపిస్తే 24 గంటల్లోగా ప్రజారోగ్య అధికారులకు తెలియజేయడం తప్పనిసరి చేయండి. కలుషితమని కొట్టివేయాలంటే కారణం రాతపూర్వకంగా ఉండాలి.

6. నివేదికలోని వాక్యం మార్చండి. ఈ ప్రజాతి పేరు వచ్చిన వెంటనే “కార్బపెనెం, కొలిస్టిన్ మందులకు సహజ నిరోధకత ఉంది, జన్యు పరీక్షలో ఏమీ దొరకకపోయినా వాడవద్దు” అని దానంతట అదే ముద్రితం కావాలి. ఒక మధ్యాహ్నంలో చేయగల పని ఇది. దీనికోసం మూడు లేఖలు రాయవలసి రావడమే నాకు బాధ కలిగిస్తోంది.

7. యంత్రాల తయారీదారులకు: మీ గుర్తింపు పట్టికల్లో అనోఫిలిస్ జాతి నమూనాలను చేర్చండి. చేర్చినవారు పాత యంత్రాలకు కూడా ఆ సవరణను ఉచితంగా అందించండి. అది జరిగేదాకా మీ తెర మీద “జాతి పేరు నమ్మదగినది కాదు” అని చూపించండి. తప్పు పేరును 99 శాతం నమ్మకంతో చూపించే యంత్రం కంటే తెలియదని ఒప్పుకునే యంత్రమే మాకు ఎక్కువ ఉపయోగం.

8. ప్రమాణాలు నిర్ణయించే సీఎల్‌ఎస్‌ఐ, యూకాస్ట్ సంస్థలకు: ఎలిజబెత్‌కింగియాకు ప్రత్యేకంగా హద్దులు నిర్ణయించండి. ఎంత మోతాదు దాకా లొంగితే లొంగినట్టో చెప్పడానికి మేము వేరే గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా కోసం రాసిన కొలతలను అరువు తెచ్చుకుంటున్నాం. బిళ్లల పద్ధతి ఈ సూక్ష్మజీవి విషయంలో నమ్మదగ్గది కాదు. ద్రవంలో మందును అంచెలంచెలుగా పలుచన చేసి కొలిచే పద్ధతినే ప్రామాణికం చేయండి. అందులో మినోసైక్లిన్, రిఫాంపిసిన్, లెవోఫ్లాక్సాసిన్, కోట్రైమాక్సజోల్ తప్పకుండా ఉండాలి.

9. శరీరం లోపలి నుంచి తీసిన ప్రతి నమూనాలోని వంగడాన్నీ భద్రపరచి, దాని పూర్తి జన్యుక్రమాన్ని చదివించండి. ఫలితం రెండు వారాల్లోగా బహిరంగ జన్యు భాండాగారంలో చేరాలి. రోగి వివరాలు అక్కరలేదు, నెల, ప్రాంతం, నమూనా రకం చాలు. చదివేటప్పుడు మట్‌వై చెక్కుచెదరకుండా ఉందా, గైరేజ్‌లో 83వ స్థానం మారిందా, బయటి డీఎన్ఏ ముక్కలు ఏమైనా వచ్చి చేరాయా అన్నవి ప్రత్యేకంగా చూడాలి. జన్యుక్రమం పరిశోధకుల పని, వైద్యానికి అవసరం లేదని ఒక సమావేశంలో నాతో అన్నారు. విస్కాన్సిన్‌లో అందరికీ సోకింది ఒకే వంగడమని తేల్చింది జన్యుక్రమమే. అది ఏడాది ముందే మొదలైందని చెప్పింది కూడా అదే. ఇద్దరు రోగుల్లో ఒకే వంగడం ఉందని మూడో రోజున తెలిస్తే వార్డు కుళాయిలు వెతుకుతాం. ఆరు వారాల తర్వాత తెలిస్తే ఫైలులో పెట్టుకుంటాం.

10. కుళాయిల సంగతి ఆసుపత్రి పాలకులకు వదిలేయకుండా నియమంగా రాయండి. సింగపూర్ అనుభవంలో బయటపడిన లోపం చాలా మామూలుది. చేతులు కడుక్కోవడానికి పెట్టిన సింకుల్లో రోగుల స్రావాలు పారబోశారు, మళ్లీ వాడే సామగ్రిని కడిగారు. కుళాయి మూతి దగ్గరుండే జల్లెడను ఎప్పుడైనా విప్పి చూడండి. లోపలి వైపు వేలికి జారే సన్నని జిగురు పొర తగులుతుంది. ఎలిజబెత్‌కింగియా స్థిరపడేది అలాంటి పొరలోనే. నవజాత శిశువుల వార్డుల్లో, ఐసీయూల్లో ఆ జల్లెడలను నిర్ణీత గడువులో మార్చాలి. చేతుల సింకు చేతులకే ఉండాలి.

వీటిలో ఐదు, ఆరు అంశాలను వెంటనే అమలు చేయవచ్చు. ఏడు నుంచి పది వరకు ఉన్నవాటికి సమయం పడుతుందని ఒప్పుకుంటాను. కానీ ఎప్పటిలోగా చేస్తారో తేదీతో చెప్పండి. ఏదైనా చేయలేమంటే ఎందుకు చేయలేరో చెప్పండి, దాని మీద మాట్లాడుకుందాం. నేను చెప్పిన శాస్త్ర విషయాల్లో పొరపాటు ఉందని ఎవరైనా చూపిస్తే బహిరంగంగానే సరిదిద్దుకుంటాను.

నేను పనిచేసే చోట మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఇన్నేళ్లుగా దాచిన ఎలిజబెత్‌కింగియా వంగడాలు ఒక పెట్టెలో ఉన్నాయి. ఆ పసికందుది కూడా అందులోనే ఉంది. నిబంధనల ప్రకారం అడిగే ఏ ప్రభుత్వ ప్రయోగశాలకైనా వాటిని పంపడానికి అనుమతి తీసుకుని సిద్ధంగా ఉంచాను. ఈ లేఖ తేదీ నుంచి 30 రోజుల్లోగా రాతపూర్వక సమాధానం కోరుతున్నాను. వచ్చిన సమాధానాన్ని, రాకపోతే రాలేదన్న సంగతిని, ఇదే విధంగా అందరికీ తెలియజేస్తాను.

ఇట్లు,
ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేస్తున్న ఒక మైక్రోబయాలజిస్టు